కొండల మధ్య ఒంటరిగా కారవాన్ సరుకు విమానం నడిపే ఉద్యోగం: 1,200 గంటల పైలట్ ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: గోదారిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. గ్రీన్‌కార్డు ఉంది కనుక వీసా చిక్కు లేదు. మొత్తం గంటలు 1,200 దాటాయి. వాటిలో 500 క్రాస్‌కంట్రీ (ఊరి నుంచి ఊరికి ఎగిరిన) గంటలు, 100 రాత్రి గంటలు, 75 ఇన్‌స్ట్రుమెంట్ గంటలు పూర్తయ్యాయి కాబట్టి, చిన్న వాణిజ్య విమానాలకు వర్తించే అమెరికా పార్ట్ 135 నిబంధనల కింద ఐఎఫ్‌ఆర్‌లో (మేఘాల్లో కూడా పరికరాల ఆధారంగా ఎగిరే పద్ధతిలో) సరుకు విమానానికి కెప్టెన్‌గా కూర్చునే కనీస అర్హత వచ్చింది. పెద్ద కొరియర్ సంస్థల పార్సిళ్లను చిన్న ఊళ్లకు చేరవేసే ఒక ఫీడర్ కంపెనీ, ఐడహో రాష్ట్రంలో సెస్నా 208 కారవాన్ అనే చిన్న విమానం మీద నాకు ఉద్యోగం ఇస్తామంటోంది. విమానంలో నేనొక్కడినే ఉంటాను.

నా సందేహం జీతం గురించి కాదు. నేను నేర్చుకున్నదీ, ఇతరులకు నేర్పుతున్నదీ పూర్తిగా చదును నేల మీద. ఇంకొంత కాలం ఇక్కడే పాఠాలు చెబుతూ ఉంటే 1,500 గంటలు నిండుతాయి, అప్పుడు ఏదైనా రీజినల్ ఎయిర్‌లైన్‌లో అనుభవజ్ఞుడైన కెప్టెన్ పక్కన ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) కూర్చోవచ్చు. రాజమండ్రిలో ఉన్న మా నాన్నగారు "కొండల్లో ఒక్కడివే ఎందుకురా, ఇంకొన్నాళ్లు ఆగలేవా" అంటున్నారు. ఆయనకు నేను ఇవ్వాల్సిన జవాబు ఇంకా నా దగ్గరే లేదు. ఈ పని చేసినవారు అసలు ప్రమాదం ఎక్కడ ఉంటుందో, మొదటి చలికాలం వచ్చేలోపు ఏమి తెలుసుకుని ఉండాలో చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు.

జవాబు: తోకస్టాండు

గోదారిగట్టు గారికి, రాకీ పర్వతాల్లో ఈ పని కొన్నేళ్లు చేసి ఇప్పుడు జెట్ విమానాలు నడుపుతున్నాను. ముందు దినచర్య చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన ప్రమాదంలో కొంత భాగం అందులోనే ఉంది.

తెల్లవారకముందే బోయిసీకో, సాల్ట్‌లేక్ సిటీకో పెద్ద జెట్ దిగుతుంది. దాని కంటెయినర్లను విప్పి, ఊళ్లవారీగా వేరు చేసి, వరుసగా నిలబెట్టిన కారవాన్లలోకి ఎక్కిస్తారు. వెనక భాగంలో బరువు పడితే విమానం తోక నేలకు ఆనిపోతుంది కనుక లోడింగ్ పూర్తయ్యే వరకు తోక కింద స్టాండు పెట్టి ఉంచాలి. పెట్టెలు ఎక్కించే కూలీలు వేరే ఉన్నా, బరువు లెక్కకూ, వలలు సరిగ్గా బిగించారా లేదా అన్నదానికీ, ప్రమాదకర వస్తువుల కాగితాలకూ సంతకం మీదే. చీకట్లోనే బయల్దేరి గంటలోపు ఒక చిన్న ఊళ్లో దిగుతారు, అక్కడ డెలివరీ వ్యాన్లు ఇంజను ఆగేసరికి సిద్ధంగా ఉంటాయి. ఆ తరువాత పగలంతా అద్దెగదిలో కాలక్షేపం. సాయంత్రం అదే ఊరి పార్సిళ్లు ఎక్కించుకుని తిరిగి రావాలి. అంటే నిద్ర ప్రతిరోజూ రెండు ముక్కలవుతుంది. ప్రయాణికుల ఎయిర్‌లైన్ పైలట్ల అలసటను దృష్టిలో పెట్టుకుని 2014లో అమలులోకి వచ్చిన పార్ట్ 117 విశ్రాంతి నియమాలు సరుకు పైలట్లకు వర్తించవు. ఒంటరి పైలట్‌కు 24 గంటల్లో 8 గంటల ఎగిరే సమయమన్న పాత పరిమితే మీకు ఉంటుంది, అందులోనూ మీరు ఎగిరేది రెండు మూడు గంటలే కనుక ఆ పరిమితి మీ అలసటను పట్టించుకోదు.

ఇక కొండల సంగతి. టెక్సస్‌లో రెక్కల మీద మంచు పేరుకోవడం మొదలైతే మీరు నేర్పే మొదటి ఉపాయం ఏమిటి? కిందికి దిగి వెచ్చటి గాలిలోకి వెళ్లమని. ఐడహోలో ఆ ఉపాయం చాలాసార్లు ఉండదు. అక్కడి అత్యున్నత శిఖరం బోరా పీక్ ఎత్తు 12,662 అడుగులు. పర్వత ప్రాంతాల్లో ఐఎఫ్‌ఆర్‌లో ఎగిరేటప్పుడు దారికి ఇరువైపులా 4 నాటికల్ మైళ్లలో ఉన్న అత్యంత ఎత్తైన అడ్డంకికి 2,000 అడుగులు పైన ఉండాలన్నది సాధారణ నియమం. అంటే ఆ శిఖరం చుట్టుపక్కల 14,662 అడుగుల కిందికి దిగడానికి వీల్లేదు. పైకి పోదామంటే, నిండా సరుకుతో, రెక్కల మీద మంచుతో ఉన్న కారవాన్ ఆ ఎత్తులో ఎక్కడానికి మొరాయిస్తుంది. ఐసింగ్‌లో (మంచు పట్టే వాతావరణంలో) కారవాన్ ఎగిరే వేగం 120 నాట్లకు (గంటకు 120 నాటికల్ మైళ్లకు) తగ్గకూడదన్న నిబంధన ఉంది. ఎత్తు నిలబెట్టుకోబోతే వేగం పోతుంది, వేగం నిలబెట్టుకోబోతే ఎత్తు పోతుంది. అరకు ఘాట్‌లో పొగమంచు కమ్మితే బస్సును పక్కకు తీసి ఆపుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అందువల్ల కొండల్లో నిర్ణయం మేఘంలోకి దూరక ముందే, ఇంకా చెప్పాలంటే రాంపు మీద (విమానాలు నిలిపే చోట) ఉండగానే జరగాలి. వెనక్కి తిరగడానికి దారి ఎటు ఉందో తెలియకుండా ముందుకు వెళ్లకపోవడమే ఈ ఉద్యోగంలో అసలు నైపుణ్యం అని నా అభిప్రాయం. విమానాన్ని చేత్తో నడపడం ఎవరికైనా కొన్ని నెలల్లో వస్తుంది.

గాలి విషయం కూడా మీకు కొత్తగా ఉంటుంది. శిఖరాల ఎత్తులో గాలి 25 నాట్లు దాటితే గాలి దిగే వైపున కిందికి లాగే ప్రవాహాలు మొదలవుతాయని లెక్కపెట్టుకోవాలి. బలమైన రోజున అవి మీ విమానం ఎక్కగలిగే వేగం కన్నా ఎక్కువ వేగంతో కిందికి తోస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, కటకాల ఆకారంలో నిశ్చలంగా నిలిచిన మేఘాలు కనిపిస్తే వాటి కింద గాలి సుడులు తిరుగుతోందని అర్థం. కొండ వరుసను దాటేటప్పుడు ఎదురుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా సమీపించండి; దాటలేమని తెలిసిన క్షణంలో కొద్దిపాటి మలుపుతోనే లోయ వైపు తిరిగిపోవచ్చు.

వేసవి తక్కువేమీ కాదు. ఐడహోలోని హేలీ విమానాశ్రయం సుమారు 5,300 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ 32 డిగ్రీల ఎండ కాస్తే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 8,600 అడుగులకు చేరుతుంది, విమానం ఆ ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పైగా ఉత్తరాన లోయ మూసుకుపోతుంది కనుక ఎక్కువమంది దక్షిణం నుంచి దిగి మళ్లీ దక్షిణానికే ఎగురుతారు. తోకగాలి ఉన్నా తప్పని సందర్భాలు వస్తాయి. ఇలాంటి ఊరికి మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి.

జవాబు: రెండుసీట్లు

పై సభ్యుడి మాటలతో నాకు పేచీ లేదు. కానీ ఆయన చెప్పినదంతా చదివాక నాకు కలిగిన అభిప్రాయం వేరు: ఇవన్నీ 1,200 గంటల పైలట్ ఒంటరిగా నేర్చుకోవలసిన విషయాలు కావు.

నేను రీజినల్ జెట్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ని. 2009లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ సంస్థ విమానం కూలిన తరువాత అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది, 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్) అర్హత తప్పనిసరి అయింది. సాధారణంగా దానికి 1,500 గంటలు కావాలి. ఆ గంటలు ఎలా వచ్చాయన్నది ఇంటర్వ్యూలో చర్చకు వస్తుందే తప్ప, కొండల్లో సంపాదించిన గంటకు రెండు గంటల విలువ ఎవరూ ఇవ్వరు. ఒక ముఖ్యమైన విషయం ఇక్కడ ఎవరూ చెప్పలేదు. కారవాన్‌కు ఉన్నది ఒకే ఇంజను. మల్టీ ఇంజను (ఒకటి కన్నా ఎక్కువ ఇంజన్ల) ఏటీపీకి ఆ తరగతి విమానాల్లో 50 గంటలు చూపాలి. కారవాన్ మీద ఎన్నేళ్లు తిరిగినా ఆ ఖాతాలో ఒక్క నిమిషం కూడా పడదు. మీకు మల్టీ గంటలు లేకపోతే, ఫీడర్‌లో చేరాక సెలవు రోజుల్లో సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వస్తుంది.

మరో సంగతి. 2022లో పైలట్ల కొరత వల్ల రీజినల్ సంస్థలు జీతాలు బాగా పెంచాయి, ఆ తరువాత నియామకాల వేగం తగ్గింది. "1,500 నిండగానే సీటు" అన్న లెక్క ఇప్పుడు కచ్చితం కాదు. ఆ మేరకు మీ ప్రశ్నలో బలం ఉంది. అయినా తొందర ఏమిటి? వరస ఉన్నచోట నిలబడి, ఈలోపు మల్టీ ఇంజను విద్యార్థులకు నేర్పి ఆ గంటలు కూడబెట్టుకోండి. నాన్నగారి మాటలో భయం ఉన్నా, అందులో తర్కం కూడా ఉంది.

జవాబు: తోకస్టాండు

రెండుసీట్లు గారు మల్టీ గంటల గురించి చెప్పింది అక్షరాలా నిజం, నేను ప్రస్తావించి ఉండాల్సింది. మిగతా వాదనతో మాత్రం ఏకీభవించలేను. ఇన్‌స్ట్రక్టర్‌గా పదోసారి అదే అభ్యాస ప్రాంతంలో అదే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) చూపించినప్పుడు వచ్చే గంటకూ, బయల్దేరాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా తనదే అయినప్పుడు వచ్చే గంటకూ తేడా లాగ్‌బుక్‌లో కనిపించదు, మనిషిలో కనిపిస్తుంది. అయితే ఆ తేడా రావాలంటే కంపెనీ మంచిదై ఉండాలి. ఆ షరతు లేకపోతే నేనూ ఆయన పక్షమే.

జవాబు: కూకట్‌పల్లి_సీపీఎల్

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను హైదరాబాదులో డీజీసీఏ సీపీఎల్ (భారత వాణిజ్య పైలట్ లైసెన్సు) తీసుకుని ఖాళీగా ఉన్నాను. ఎయిర్‌బస్ టైప్ రేటింగ్‌కు (ఆ రకం విమానం నడిపే అదనపు అర్హతకు) డబ్బు లేదు. నాలాంటివారు ఇలాంటి సరుకు విమానాల ఉద్యోగానికి అక్కడికి రాగలరా?

జవాబు: రెండుసీట్లు

తమ్ముడూ, నేరుగా చెబుతాను: ఇప్పుడున్న పరిస్థితుల్లో దాదాపు కుదరదు. ఈ కంపెనీలు గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవారినే తీసుకుంటాయి, చిన్న ఫీడర్ ఉద్యోగానికి వీసా స్పాన్సర్ చేసే ఆనవాయితీ లేదు. ఆ పైన మన సీపీఎల్‌కు కనీసం 200 గంటలు చాలు, ఇక్కడ ఐఎఫ్‌ఆర్ సరుకుకు 1,200 కావాలి. భారతదేశంలో ఈ మెట్టే లేదు. అక్కడ సరుకు అంటే బ్లూడార్ట్ బోయింగ్‌ల వంటి పెద్ద విమానాలే. భువనేశ్వర్ నుంచి తూర్పు కనుమల మధ్యనున్న జయపురానికి ఉడాన్ పథకం కింద కారవాన్‌తో సర్వీసు ప్రారంభించారు కానీ, అది ప్రయాణికుల కోసం. అలాంటి చిన్న సంస్థల్లో కో-పైలట్ ప్రకటనలు వస్తున్నాయేమో గమనిస్తూ ఉండండి. "అమెరికాలో సరుకు విమానాల ఉద్యోగం ఇప్పిస్తాం" అని డబ్బు అడిగే ఏజెంటు ఎవరైనా తగిలితే మాత్రం దూరంగా ఉండండి.

జవాబు: రెంచిపట్టు

నేను పైలట్‌ని కాను, ఈ విమానాలకు మరమ్మతులు చేసే మెకానిక్‌ని. పైలట్లు చెప్పని కొన్ని విషయాలు చెబుతాను.

కారవాన్ ఇంజను ప్రాట్ అండ్ విట్నీ పీటీ6. ఈ రకం ఇంజన్ల నమ్మకాన్ని నేను శంకించను. ఒకే ఇంజను ఉందని భయపడేవారు చాలామంది ఉన్నారు, నిజానికి కారవాన్లు ఎక్కువగా ఇబ్బందిపడింది ఇంజను వల్ల కాదు, మంచు వల్ల. రెక్కలను మోసే స్ట్రట్లు, బయటికి వేలాడే చక్రాలు, పొట్ట కింద సరుకు పాడ్, వీటన్నిటి మీదా మంచు పేరుకుంటుంది, వీటన్నిటినీ కాపాడే ఏర్పాటు ఉండదు. 2005 అక్టోబరులో కెనడాలోని విన్నిపెగ్ నుంచి సరుకుతో బయల్దేరిన కారవాన్ కొన్ని నిమిషాల్లోనే మంచు కారణంగా కూలిపోయి పైలట్ మరణించారు. అది కొండ ప్రాంతం కూడా కాదు. ఆ కాలంలోనే అమెరికాలో ఈ విమానానికి కఠినమైన ఆదేశాలు వచ్చాయి, చలిలో బయల్దేరేముందు రెక్క పైభాగాన్ని చూసి ఊరుకోకుండా చేతితో తడిమి చూడాలన్నది వాటిలో ఒకటి. రెక్క ఎత్తుగా ఉంటుంది, నిచ్చెన ఎక్కాలి, తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతుంటాయి. ఆ నిచ్చెన ఎక్కని పైలట్లను నేను చూశాను. మీరు ఎక్కండి.

కంపెనీని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పాత విమానాల్లో రెక్క అంచుకు మంచును విరగగొట్టేందుకు గాలితో ఉబ్బే రబ్బరు బూట్లు ఉంటాయి, కొత్తవాటిలో మంచు పట్టనివ్వని టీకేఎస్ ద్రవం రెక్క అంచు నుంచి ఊరుతుంది. మీకిచ్చే విమానాల్లో ఏది ఉందో కనుక్కోండి. ద్రవం ఉంటే ఆ ట్యాంకు మారుమూల ఊళ్లో కూడా నింపుకునే ఏర్పాటు ఉందా, లేక తిరుగు ప్రయాణానికి మిగిలినదే గతా అని అడగండి. సరుకు మాత్రమే మోసే విమానంలో రెండో పైలట్ లేకపోయినా, ఆటోపైలట్ పనిచేయకపోయినా చట్టం అడ్డుచెప్పదు. కాబట్టి ఆటోపైలట్ చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో అడగండి. ఈ ప్రశ్నకు నవ్వేసి ఊరుకుంటే అది కూడా ఒక జవాబే. ఆక్సిజన్ సిలిండర్ ఎవరు నింపుతారో, ఎక్కడ నింపుతారో తెలుసుకోండి. 10,000 దాటి 12,000 అడుగుల వరకు అరగంటకు మించి ఉంటే ఆ మించిన సేపూ, 12,000 దాటితే ఉన్నంతసేపూ ఆక్సిజన్ పెట్టుకోవాలి. కారవాన్‌లో ప్రెషరైజేషన్ (లోపలి గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు) లేదు. మీ దారిలో అది రోజూ అవసరపడే వస్తువు.

జవాబు: గోదారిగట్టు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. రెండుసీట్లు గారు చెప్పిన మల్టీ గంటల విషయం నా దృష్టికి రాలేదు. నాకు ఉన్నవి 50కి చాలా తక్కువ. ఇంకొక ప్రశ్న మిగిలింది. తోకస్టాండు గారు "కంపెనీ మంచిదై ఉండాలి" అన్నారు. ఇంటర్వ్యూలో అందరూ "భద్రతే మాకు ముఖ్యం" అంటారు. బయటివాడు అది నిజమా కాదా అని ఎలా పోల్చుకోవాలి? ఇంకా, లోయల్లో ఉన్న విమానాశ్రయాలకు మేఘాల్లోంచి దిగడం గురించి కూడా కొంచెం చెప్పండి. నా ఇన్‌స్ట్రుమెంట్ అనుభవమంతా చుట్టూ చదునుగా ఉన్న రన్‌వేలదే.

జవాబు: తోకస్టాండు

రెండో ప్రశ్న ముందు. 2022 ఏప్రిల్ 13 ఉదయం, సాల్ట్‌లేక్ సిటీ నుంచి సరుకు తెచ్చిన ఒక కారవాన్ ఐడహోలోని బర్లీలో రన్‌వేకు చేరకముందే బంగాళాదుంపల కర్మాగారం మీద కూలిపోయింది. ఒంటరిగా ఉన్న పైలట్ మరణించారు. మీరు ఎగరబోయేది సరిగ్గా అలాంటి ఊళ్లకే, కాబట్టి ఆ ప్రమాదంపై ఎన్‌టీఎస్‌బీ (అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) నివేదికను ఉద్యోగం ఒప్పుకోకముందే చదవండి. ఇలాంటి ఊళ్లలో కంట్రోల్ టవర్ ఉండదు, ఉదయాన్నే రన్‌వే మీది మంచు తీశారో లేదో చెప్పేవారు ఉండకపోవచ్చు. వాతావరణాన్ని నివేదించేది ఒక స్వయంచాలక యంత్రం, అది తన తల మీద ఉన్న ఆకాశాన్ని మాత్రమే కొలుస్తుంది. చలికాలంలో లోయ అడుగున చల్లటి గాలి నిలిచిపోయి పొగమంచు పరుచుకుంటుంది, పైన కొండలు ఎండలో మెరుస్తుంటాయి. అలాంటి ఉదయం అంతా బాగున్నట్టే అనిపిస్తుంది, చివరి 300 అడుగులు తప్ప.

చలి ఆల్టిమీటర్‌ను (ఎత్తు చూపే పరికరాన్ని) కూడా మోసగిస్తుంది. విమానాశ్రయంలో సున్నాకు 20 డిగ్రీలు తక్కువ ఉన్నప్పుడు, దానికి 2,000 అడుగుల పైన ఉన్నానని ఆల్టిమీటర్ చెబితే మీరు నిజానికి రెండు మూడు వందల అడుగులు కింద ఉంటారు. టెక్సస్‌లో ఈ సవరణ ఎవరూ చేయరు. ఇక్కడ ఏయే విమానాశ్రయాల్లో ఏ ఉష్ణోగ్రత నుంచి చేయాలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ జాబితాయే ఉంది. రన్‌వే కనిపించకపోతే పైకి లేచే దారిని కూడా ముందే లెక్కకట్టాలి. మామూలుగా నాటికల్ మైలుకు 200 అడుగులు ఎక్కితే చాలు. కొన్ని లోయల్లో అంతకన్నా చాలా ఎక్కువ అడుగుతారు. నిండు బరువుతో, ఆ రోజు ఉష్ణోగ్రతలో మీ విమానం అంత ఎక్కగలదా అన్నది బయల్దేరేముందే కాగితం మీద తేలాలి. తేలకపోతే ఆ ఊరికి ఆ రోజు సరుకు లారీలో వెళుతుంది. వెళ్లనివ్వండి, అందులో ఉన్నవి చెప్పుల జతలూ ఫోను కవర్లే.

ఇక కంపెనీ సంగతి. చీఫ్ పైలట్‌ను కాకుండా, నిరుడు చేరిన పైలట్‌ను ఒకరిని పట్టుకుని మాట్లాడండి. "భద్రత ఎలా ఉంది" అని అడగకండి. "చివరిసారి నువ్వు వెళ్లనన్నది ఎప్పుడు, ఎవరికి ఫోన్ చేశావు, మరుసటి రోజు ఎవరేమన్నారు" అని అడగండి. వెళ్లనన్న సందర్భమే గుర్తురాకపోతే, కొండల్లో ఒక చలికాలం గడిపినవాడికి అది సహజం కాదు. థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా పార్సిళ్లు ఏడాదిలోకెల్లా ఎక్కువగా ఉంటాయి, వాతావరణం అప్పుడే చెడిపోతుంది. ఆ వారాల్లో ఫోన్లో ఎలాంటి మాటలు వినిపిస్తాయో కూడా అడగండి. నాకు తెలిసిన ఒకచోట ఎవరూ పైలట్‌ను బలవంతపెట్టేవారు కాదు, "పక్క కంపెనీ వాడు వెళ్లాడే" అని మాత్రం అనేవారు. కొత్తవాడికి ఆ మాట చాలు.

ఇంకా, చెక్ ఎయిర్‌మన్ (కొత్తవారిని పరీక్షించే సీనియర్ పైలట్) మీతో ఎన్ని వారాలు ఎగురుతారు, అందులో చలికాలపు రోజులు ఉంటాయా అని అడగండి. వసంతంలో చేరి వేసవిలో ఒంటరిగా తిరగడం మొదలుపెట్టినవారికి నవంబరులో మళ్లీ ఎవరైనా పక్కన కూర్చుంటారా అన్నది నా దృష్టిలో జీతం కన్నా పెద్ద ప్రశ్న. శిక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, అది నెలనెలా తగ్గుతుందా లేదా చదవండి. సంవత్సరం దాకా పూర్తి మొత్తం బాకీగా నిలిపి ఉంచే ఒప్పందం ఉంటే, వెళ్లనని చెప్పే ధైర్యం అక్కడే సగం పోతుంది.

జవాబు: రెండుసీట్లు

ఆ ప్రశ్నలకు సరైన సమాధానాలు వస్తే నేను అడ్డుచెప్పను. నా సలహా కొంచెం మార్చుకుంటాను: చేరేది ఖాయమైతే మార్చిలోనో ఏప్రిల్‌లోనో చేరేలా తేదీ అడగండి, అప్పుడు గాలులు, వేడి, చలి ఆ వరుసలో పరిచయమవుతాయి. ఈలోపు మల్టీ గంటలు అక్కడే టెక్సస్‌లో పూర్తిచేసుకోండి. ఐడహోలోని చిన్న ఊళ్లలో అద్దెకు రెండు ఇంజన్ల విమానం దొరకడం కష్టం, దొరికినా ఖర్చు ఎక్కువ.

జవాబు: గోదారిగట్టు

చేరే తేదీ వసంతానికి మార్చగలరా అని ఈ రోజే వారికి రాశాను. నిరుడు చేరిన పైలట్ నంబరు కూడా అడిగాను. నంబరు ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకుంటారా లేదా అన్నది ఇక్కడ తెలియజేస్తాను.